కొట్టువాడి కాసు

కొట్లో సామాను కొంటారు. పద్దెనిమిది రూపాయలు అయింది. మీరు ఇరవై ఇస్తారు. "చిల్లర లేదమ్మా" అంటూ కొట్టతను రెండు చాక్లెట్లు చేతిలో పెడతాడు. సరే, పిల్లలు తింటారులే అని తెచ్చుకుంటారు. మర్నాడు అవే రెండు చాక్లెట్లు పట్టుకెళ్ళి, "ఇవి తీసుకుని రెండు రూపాయల పచ్చిమిరపకాయలు ఇవ్వు" అంటే ఇస్తాడా? ఇవ్వడు. నవ్వుతాడు.

అతను ఇచ్చినప్పుడు చెల్లింది. మీరు ఇస్తే చెల్లదు. అదీ చిత్రం.

రెండు రూపాయలు కాబట్టి ఎవరూ తగవు పడరు. కానీ ఒక దేశంలో ఒకప్పుడు చిల్లర మొత్తం మాయమైపోయింది. కొట్టువాళ్ళు తమ సొంత కాసులు అచ్చు వేయించుకున్నారు. చిల్లరకు బదులు వాటినే జనం చేతిలో పెట్టారు. ఒక ఊళ్ళో ఒకరిద్దరు కాదు, ఎన్నో ఊళ్ళలో వందలాది కొట్టువాళ్ళు. ఆ దేశం అమెరికా. అది 1862 నుంచి 1864 దాకా జరిగిన సంగతి.

యుద్ధం వచ్చింది

అప్పటి అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలు, దక్షిణాది రాష్ట్రాలు అని రెండు పక్షాలుండేవి. దక్షిణాదిన పెద్ద పెద్ద పత్తి చేలు. ఆ చేలల్లో చాకిరీ చేసేది బానిసలు. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన నల్లవాళ్ళ పిల్లలు, మనవలు. వాళ్ళకు కూలి లేదు. పశువుల్లాగా కొనేవారు, అమ్మేవారు. తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్మేవారు. 1860 జనాభా లెక్కల నాటికి అలాంటివాళ్ళు దాదాపు 40 లక్షల మంది.

ఆ ఏడాది చివర అబ్రహాం లింకన్ అనే ఆయన ప్రెసిడెంటుగా గెలిచాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదు అనేది ఆయన పట్టు. దక్షిణాది దొరలకు అది గిట్టలేదు. ఒకదాని తర్వాత ఒకటి 11 రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. 1865 దాకా సాగింది.

యుద్ధం అంటే తుపాకులు, శవాలు మాత్రమే గుర్తొస్తాయి. బజారులో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు. ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్ళకు యుద్ధం ముందు బజారులోనే కనపడుతుంది.

అమెరికా డబ్బును డాలరు అంటారు. మనకు రూపాయికి వంద పైసలు. వాళ్ళకు డాలరుకు వంద సెంట్లు. అప్పట్లో బంగారు నాణేలు, వెండి నాణేలు చేతులు మారుతూ ఉండేవి. అన్నిటికంటే చిన్నది సెంటు నాణెం. రాగిలో కొంచెం నికెల్ కలిపి చేసేవారు.

సెంటు అంటే ఏపాటిది అనుకోవద్దు. ఆ రోజుల్లో ఊరు దాటి ఉత్తరం పంపడానికి 3 సెంట్లు చాలు. ప్రాణానికి తెగించిన సైనికుడికి నెల జీతం 13 డాలర్లు. రోజుకు లెక్కేస్తే 43 సెంట్లు. ఇక ఇంటి దగ్గర అతని భార్య సంగతి. ఉత్తరాదిలో ఎందరో ఆడవాళ్ళు సైన్యానికి చొక్కాలు కుట్టి బతికారు. సిన్సినాటి అనే ఊళ్ళో బట్టలు కుట్టే ఆడవాళ్ళు 1865లో లింకన్‌కు ఒక అర్జీ పెట్టుకున్నారు. డజను చొక్కాలకు ప్రభుత్వం కంట్రాక్టరుకు ఒక డాలరు 75 సెంట్లు ఇస్తోందట. కంట్రాక్టరు మాత్రం కుట్టేవాళ్ళకు ఒక్క డాలరు ఇస్తున్నాడట. అంటే ఒక చొక్కాకు 8 సెంట్ల పైన కాస్త. మధ్యలో ఉన్నవాడు చొక్కా ముట్టకుండానే 6 సెంట్లు మిగుల్చుకున్నాడు.

చొక్కాకు 8 సెంట్లు వచ్చే మనిషికి ఒక్క సెంటు పోతే ఎంత పోయినట్టో ఆలోచించండి.

నాణేలు ఎక్కడికి పోయాయి?

మీ దగ్గర రెండు పది రూపాయల నోట్లు ఉన్నాయి. ఒకటి కొత్తది. ఒకటి చిరిగి అతుకు వేసింది. కూరగాయలామెకు ముందు ఏది ఇస్తారు? చిరిగిందే ఇస్తారు. ఆమె కూడా దాన్నే ముందు వదిలించుకుంటుంది. అలా చిరిగిన నోటు ఊరంతా తిరుగుతుంది. కొత్త నోటు డబ్బాలో ఉంటుంది.

అమెరికాలో జరిగింది అదే. కాకపోతే దేశమంతటా జరిగింది.

యుద్ధానికి డబ్బు చాలలేదు. అప్పటిదాకా బ్యాంకు నోటు ఇస్తే దానికి బంగారం ఇచ్చేవారు. 1861 డిసెంబరు 30న న్యూయార్కు బ్యాంకులు ఇక బంగారం ఇవ్వం అన్నాయి. 1862 ఫిబ్రవరిలో ప్రభుత్వం కొత్త నోట్లు వేయడానికి చట్టం చేసింది. వాటి వెనకవైపు ఆకుపచ్చ రంగు ఉండేది. అందుకని జనం వాటిని పచ్చవీపు నోట్లు అన్నారు. ఆ నోట్లు తెచ్చి ఇస్తే బంగారం ఇస్తాం అని ప్రభుత్వం మాట ఇవ్వలేదు.

జనానికి అనుమానం వచ్చింది. యుద్ధం ఓడిపోతే ఈ కాగితం ఏం కావాలి? బంగారం అయితే ఎక్కడైనా బంగారమే. వెండి ఎక్కడైనా వెండే. దాంతో కాగితాన్ని ఖర్చు పెట్టారు. బంగారాన్ని దాచారు. తర్వాత వెండిని దాచారు. వ్యాపారులు వెండి నాణేలు పోగుచేసి పొరుగు దేశం కెనడాకు తరలించి లాభం చేసుకున్నారు. 1862 ఎండాకాలం నాటికి బజారులో వెండి కనపడడం మానేసింది. చివరికి మిగిలింది సెంట్లు. దాచుకునేటంత విలువ వాటికి లేదు. కానీ వేరే చిల్లర లేదు కదా! అందుకని వాటిని కూడా మూటలు కట్టి దాచారు. సెంట్లు కావాలంటే పైన ఎదురు డబ్బు ఇచ్చి కొనాల్సి వచ్చింది.

ఇక బజారు ఎలా నడుస్తుంది? చేతిలో డాలరు నోటు ఉంది. కావలసింది నాలుగు సెంట్ల రొట్టె. కొట్టువాడి దగ్గర చిల్లర లేదు. రొట్టె ఉంది, డబ్బు ఉంది. అయినా ఆకలి తీరదు.

జిగురు డబ్బు

అప్పుడు జనానికి తపాలా బిళ్ళలు గుర్తొచ్చాయి. ఉత్తరం మీద అంటించే స్టాంపులు. వాటి మీద ఒక సెంటు, మూడు సెంట్లు అని విలువ ఉంటుంది. పోస్టాఫీసు ప్రభుత్వానిది. కాబట్టి నమ్మకం ఉంటుంది. 1862 జులై 17న ప్రభుత్వం కూడా సరే, స్టాంపులు డబ్బులాగా వాడుకోవచ్చు అని చట్టం చేసింది.

చట్టం చేసినవాళ్ళు స్టాంపు వెనక ఉండే జిగురు సంగతి మరిచిపోయారు! ఎండకు చెమట పట్టిన చేతిలో స్టాంపులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. జేబులో ముద్దయ్యాయి. విడదీస్తే చిరిగాయి. చిరిగింది చెల్లదన్నారు.

జాన్ గాల్ట్ అనే ఆయనకు ఒక ఉపాయం తోచింది. స్టాంపును గుండ్రటి ఇత్తడి డిప్పలో పెట్టాడు. పైన పల్చటి అభ్రకం రేకు బిగించాడు. మన గూడూరు ప్రాంతంలో గనుల్లో తవ్వి తీసే అభ్రకమే. అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి స్టాంపు కనపడుతుంది, చెయ్యి తగలదు. వెనక ఇత్తడి మీద వ్యాపారుల ప్రకటనలు అచ్చు వేశాడు. మందులవాళ్ళు, బట్టలవాళ్ళు ప్రకటనకు డబ్బు కట్టారు. ఉపాయం మంచిదే. కానీ తయారీకి ఖర్చయింది. సరిపడా తయారు కాలేదు.

అదే ఏడాది ఆగస్టు నుంచి ప్రభుత్వం చిన్న చిన్న కాగితం నోట్లు వేసింది. వాటి మీద స్టాంపు బొమ్మలే ఉండేవి, వెనక జిగురు మాత్రం లేదు. అన్నిటికంటే చిన్న నోటు 5 సెంట్లది. దానితో కొంత ఇబ్బంది తీరింది. మరి ఒక సెంటు? రెండు సెంట్లు? అది తీరలేదు. బీదవాళ్ళ బేరం అంతా అక్కడే ఉంటుంది. కొట్టువాడి కాసు దూరింది ఆ సందులోనే.

రాగి బిళ్ళ పుట్టింది

ఆ బిళ్ళలు ముందుగా సిన్సినాటిలో బయల్దేరాయని చెబుతారు. చొక్కాలు కుట్టే ఆడవాళ్ళ ఊరు అదే. అక్కణ్ణించి న్యూయార్కు, డిట్రాయిట్ లాంటి ఊళ్ళకు పాకింది. చాలా బిళ్ళల మీద 1863 అనే ఏడాది కనపడుతుంది.

పని కష్టమైంది కాదు. ఉక్కు దిమ్మ మీద అక్షరాలు, బొమ్మ తిరగేసి చెక్కుతారు. అది అచ్చు. ముందువైపుకు ఒక అచ్చు, వెనకవైపుకు ఒక అచ్చు. మధ్యలో గుండ్రటి రాగి రేకు పెట్టి గట్టిగా నొక్కితే బిళ్ళ వస్తుంది. బొత్తాలు, పతకాలు చేసే కమ్మటాలకు ఇది అలవాటైన పనే. కొట్టువాడు వచ్చి తన పేరు, వీధి, వ్యాపారం చెబుతాడు. ముందువైపు అది చెక్కుతారు. వెనకవైపుకు అచ్చులు ముందే చేసి ఉంటాయి. పెళ్ళి శుభలేఖల షాపులో బొమ్మలు చూసి ఎంచుకున్నట్టు ఎంచుకోవడమే.

కిరాణా కొట్టువాళ్ళు వేయించారు. మాంసం కొట్టువాళ్ళు, మందుల షాపువాళ్ళు వేయించారు. పళ్ళు పీకే డాక్టర్లు వేయించారు. శవపేటికలు అమ్మేవాళ్ళు కూడా వేయించారు. చెప్పుల వ్యాపారి బిళ్ళ మీద బూటు బొమ్మ, మందులవాడి బిళ్ళ మీద కల్వం బొమ్మ, బీరు దుకాణం బిళ్ళ మీద నురగ పొంగే గ్లాసు ఉండేవి.

బిళ్ళ కొలతకు సెంటు నాణెం అంతే. బరువు మాత్రం తక్కువ. కొట్టువాడికి ఒక్కో బిళ్ళ సెంటు కంటే తక్కువకే పడుతుంది. దాన్ని సెంటు కింద ఇస్తాడు. అది ఒక లాభం. పేరు ఊరంతా తిరుగుతుంది. అది రెండో లాభం. కొన్ని బిళ్ళలు పోతాయి, కాలవలో పడతాయి, ఎప్పటికీ కొట్టుకు తిరిగి రావు. అది మూడో లాభం. చిల్లర లేక కొట్టు మూసుకునే బాధ తప్పింది, పైగా ఇన్ని లాభాలు. ఇంకేం కావాలి? మొత్తం మీద కనీసం రెండున్నర కోట్ల బిళ్ళలు తయారయ్యాయని నాణేల చరిత్ర రాసినవాళ్ళ అంచనా.

కొట్టువాళ్ళందరినీ దొంగలు అనడం న్యాయం కాదు. ఆ బిళ్ళలే లేకపోతే ఊళ్ళల్లో రోజువారీ బేరం ఆగిపోయేది. చాలామంది తమ బిళ్ళ తెస్తే కాదనకుండా సరుకు ఇచ్చారు. తెలిసిన వీధి, తెలిసిన మనిషి. మొహం చెల్లాలి కదా. కాసు చెల్లింది రాగిని చూసి కాదు, ఆ మొహాన్ని చూసి.

చిక్కంతా ఆ మొహం కనపడని చోట వచ్చింది.

బిళ్ళ మీద ఏం రాశారు?

బిళ్ళల్లో రెండు రకాలున్నాయి. ఒక రకం మీద కొట్టు పేరు, ఊరు ఉంటాయి. రెండో రకం మీద జెండా బొమ్మ, మొదటి ప్రెసిడెంటు వాషింగ్టన్ తల, దేశం కలిసి ఉండాలి అనే మాటలు ఉంటాయి. చూడగానే దేశభక్తి పొంగుతుంది. కానీ ఎవరు వేయించారో పేరు ఉండదు. ఊరు ఉండదు. రేపు ఎవరూ తీసుకోం అంటే ఆ బిళ్ళ పట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలి? జెండాను అడగలేం కదా.

ఇంకో తమాషా ఉంది. చాలా బిళ్ళల వెనక ఆకుల దండ మధ్య "ఒక సెంటు" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అచ్చం ప్రభుత్వం సెంటు మీద ఉన్నట్టే. కానీ వాటి పైన చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంటుంది. ఇంగ్లీషులో మూడే అక్షరాల మాట. "నాట్". అంటే "కాదు" అని. మొత్తం కలిపి చదివితే, ఇది ఒక సెంటు కాదు!

ఎందుకలా? 1862 జులై చట్టంలోనే ఇంకో మాట కూడా ఉంది. డాలరు కంటే తక్కువ విలువకు ప్రైవేటు మనుషులు డబ్బులాగా చలామణీ అయ్యే చీటీలు గానీ, బిళ్ళలు గానీ వేయకూడదు అని. దొంగ నాణేలు చేస్తే శిక్ష ఎలాగూ ఉంది. రేపు పోలీసు వచ్చి అడిగితే బిళ్ళ వేసినవాడు ఏమంటాడు? "అయ్యా, నేను సెంటు అనలేదే! సెంటు కాదు అని రాశాను, చూసుకోండి" అంటాడు. చట్టం ముందు అతనికి ఆ మూడు అక్షరాలు అడ్డు. బజారులో పెద్ద అక్షరాలు లాభం.

ఇప్పుడు ఆ బిళ్ళ తీసుకునే మనిషిని తలుచుకోండి. ఆ రోజుల్లో జర్మనీ నుంచి, ఐర్లండు నుంచి లక్షల మంది బతుకుతెరువుకు అమెరికా వచ్చారు. వాళ్ళలో ఇంగ్లీషు చదవలేనివాళ్ళు ఎందరో. దక్షిణాది నుంచి తప్పించుకుని వచ్చిన బానిసలు ఉన్నారు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసకు చదువు చెప్పడమే నేరం. చదువు రానివాళ్ళు కాసును బొమ్మతో, సైజుతో, రంగుతో గుర్తుపడతారు. పెద్ద అక్షరాల ఆకారం కంటికి అలవాటు అవుతుంది. పైన ఉన్న ఆ చిన్న మాట పని తెలియదు. ఆ మాట చదవగలిగినా చిల్లర అవసరం కాబట్టి తీసుకునేవాళ్ళేమో. అయితే తెలిసి తీసుకోవడం వేరు, తెలియక తీసుకోవడం వేరు.

సైన్యం దగ్గర ఇంకో రకం ఉండేది. సైన్యం ఎక్కడ దిగితే అక్కడికి బండి కట్టుకుని వెళ్ళే దుకాణదారులు ఉండేవారు. పొగాకు, బిస్కట్లు, సూదీ దారం అమ్మేవారు. సైనికుల జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యేవి. దుకాణదారు తన బిళ్ళలు అప్పుగా ఇచ్చేవాడు. జీతం రాగానే అందులోంచి పట్టుకునేవాడు. ఆ బిళ్ళ అతని బండి దగ్గరే చెల్లుతుంది. అతను చెప్పిందే ధర. ఆ అప్పు పోగా మిగిలిందే ఇంటికి చేరేది.

బీరు కొట్టు పెద్దమనిషి

న్యూయార్కులో లిండెన్‌ముల్లర్ అనే ఆయనకు బీరు దుకాణం ఉండేది. ఆయన వేయించిన బిళ్ళల మీద ఒకవైపు గడ్డంతో ఆయన బొమ్మే ఉంటుంది. రెండోవైపు బీరు గ్లాసు. రాజులు తమ బొమ్మ వేయించుకున్నట్టు వేయించుకున్నాడు. ఇలాంటివి పది లక్షలకు పైగా వేయించాడని చెబుతారు.

ఆ బిళ్ళలు ఊరంతా పాకాయి. అప్పుడు న్యూయార్కు వీధుల్లో పట్టాల మీద గుర్రాలు లాగే ట్రాం బండ్లు నడిచేవి. థర్డ్ ఎవెన్యూ రైల్‌రోడ్ అనే కంపెనీ బండ్లలో జనం టిక్కెట్టు డబ్బులకు ఈ బిళ్ళలు ఇచ్చారు. చిల్లర లేదు కాబట్టి కండక్టర్లు తీసుకున్నారు. కొన్నాళ్ళకు కంపెనీ దగ్గర ఆ గడ్డం బిళ్ళలు కుప్పలు పడ్డాయి. వాటిని ఏరించి, లెక్కపెట్టించి, లిండెన్‌ముల్లర్ దగ్గరకు పంపారు. "ఇవి మీవే. వీటికి డబ్బు ఇప్పించండి" అన్నారు.

ఆయన ఇవ్వను పొమ్మన్నాడు.

కంపెనీ ఏమీ చేయలేకపోయింది. ఆయన చేత కట్టించే చట్టం ఏదీ దొరకలేదు. ఆ నష్టం కంపెనీయే భరించింది. గుర్రాలు, బండ్లు, గుమాస్తాలు, వకీళ్ళు ఉన్న కంపెనీకే దిక్కు లేదు. ఇక బుట్టలో కూరగాయలు పెట్టుకుని అమ్మే ఆడమనిషి అరడజను బిళ్ళలు పట్టుకుని వెళితే ఆమె మాట వినేది ఎవరు? పైగా అది బీరు కొట్టు బిళ్ళ. బీరు తాగనివాళ్ళకు దానితో ఏం పని? ఆ కొట్టులో చెల్లించుకోవాలంటే ఇంటి ఖర్చుల చిల్లర బీరు గ్లాసులోకి పోవాలి.

ప్రభుత్వం కళ్ళు తెరిచింది

జనం ఈ పల్చటి రాగి బిళ్ళలను పేచీ లేకుండా తీసుకోవడం ప్రభుత్వం గమనించింది. అంటే నాణెంలో ఉన్న లోహం విలువ సెంటుకు సరిసమానం కావాల్సిన పని లేదు. చిల్లరగా పనికొస్తే చాలు. 1864 ఏప్రిల్ 22న చట్టం చేసి పాత మందపాటి సెంటును మార్చారు. రాగిలో కొంచెం తగరం, జింకు కలిపి తేలికపాటి సెంటు తెచ్చారు. కొత్తగా రెండు సెంట్ల నాణెం కూడా తెచ్చారు. ప్రైవేటు మనుషులు ఒకటి, రెండు సెంట్ల నాణేలు చేస్తే జరిమానా, జైలు అన్నారు. జూన్ 8న ఇంకో చట్టం వచ్చింది. ఏ విలువకైనా సరే, డబ్బులాగా చలామణీ చేయడానికి ప్రైవేటు నాణెం కొట్టకూడదు అని.

కొత్త సెంట్లు విరివిగా వచ్చాయి. బిళ్ళల పని అయిపోయింది. కొందరు కొట్టువాళ్ళు తమ బిళ్ళలు వెనక్కి తీసుకున్నారు. కొందరు తీసుకోలేదు. ఎవరి చేతిలో ఉండగా ఆగిపోయిందో వాళ్ళదే నష్టం.

ఆ బిళ్ళలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాత నాణేలు పోగుచేసేవాళ్ళు వాటిని మంచి ధరకే కొంటారు. పదివేలకు పైగా రకాలు లెక్కతేలాయి. సెంటు కాదు అని రాసుకున్న బిళ్ళ ఇవాళ సెంటుకు ఎన్నో రెట్లు పలుకుతుంది. ఆనాడు నష్టపోయినవాళ్ళకు అందులో వాటా ఏమీ లేదనుకోండి.

భార్య పేరు ఉన్న కాసు

లోకానికి ఇది కొత్త కాదు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే ఇంగ్లండులో ఇలా జరిగింది. అక్కడ రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. 1649లో రాజు తల తీసేశారు. చిన్న కాసులు వేసేవాళ్ళు లేకపోయారు. 1648 ప్రాంతం నుంచి కొట్టువాళ్ళే వేసుకున్నారు. రాజరికం తిరిగి వచ్చాక 1672లో రాజు రాగి కాసులు వేసి, వాళ్ళవి ఆపించాడు.

ఆ ఇంగ్లండు కాసుల్లో ఒక విశేషం ఉంది. చాలా వాటి మీద మూడు అక్షరాలు ముక్కోణంలా ఉంటాయి. పైన ఇంటిపేరు మొదటి అక్షరం. కింద ఒక పక్క భర్త పేరు మొదటి అక్షరం. రెండో పక్క భార్య పేరు మొదటి అక్షరం. భర్త చనిపోయాక కొట్టు నడుపుకున్న ఆడవాళ్ళు కొందరు తమ పేరుతోనే కాసులు వేయించారు. వాళ్ళ గురించి పుస్తకాలు ఎవరూ రాయలేదు. ఊళ్ళో వాళ్ళ మాట చెల్లేదని చెప్పడానికి ఆ కాసులే మిగిలాయి.

చిల్లు కాణీ

మన దేశంలోనూ యుద్ధం చిల్లరను మింగింది. రెండో ప్రపంచ యుద్ధం 1939 నుంచి 1945 దాకా జరిగింది. అప్పుడు మనల్ని పాలించేది ఇంగ్లీషువాళ్ళు. 1940లో జర్మనీ సైన్యం ఫ్రాన్సును ఓడించింది. ఇంగ్లీషువాళ్ళు కూడా ఓడిపోతారేమో, వాళ్ళ నోట్లు చెల్లవేమో అని జనం భయపడ్డారు. నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తెచ్చుకుని దాచారు. అవసరానికి మించి నాణేలు దాచుకుంటే నేరం అని ఆ ఏడాదే ప్రభుత్వం ఆర్డరు వేసింది. ఒక రూపాయి నోట్లు బయటికి తెచ్చింది. కొత్తగా చేసిన వెండి నాణేల్లో వెండిని తగ్గించింది.

తర్వాత చిన్న నాణేలకు కరువు వచ్చింది. రాగి, నికెల్ అన్నీ యుద్ధ సామానుకు కావాలి. అణాలను ఇత్తడి కలిపిన లోహంతో చేశారు. 1943లో మధ్యన పెద్ద చిల్లు పెట్టి కాణీలు వేశారు. చిల్లు పెడితే ఆ మేరకు లోహం మిగులుతుంది. అదే చిల్లు కాణీ. మీ ఇళ్ళల్లో పాత పెట్టెల అడుగున ఒకటీ అరా ఉండవచ్చు. అప్పుడు హైదరాబాదులో నిజాం సర్కారుకు సొంత నాణేలు ఉండేవి. వాళ్ళు కూడా ఆ రోజుల్లో చిల్లు నాణేలు వేశారు. గుజరాతు, రాజస్థాను వైపు కొన్ని సంస్థానాలకు ఆ చిల్లు కాణీలు కూడా చాలక అట్టముక్కల మీద పైసా, అణా అని అచ్చు వేసి పంచాయి.

ఆ అట్టముక్క ఆ సంస్థానం పొలిమేర దాటితే చెల్లదు. కాణీ దేశమంతా చెల్లుతుంది, మధ్యలో చిల్లు ఉన్నా సరే.

ఇప్పుడు నాణేలు వేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే ఉంది. 2011లో చేసిన నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైన విలువ ఉన్న నాణేలతో వెయ్యి రూపాయల దాకా చెల్లించవచ్చు. అయినా పది రూపాయల బిళ్ళ ఇస్తే "ఇది చెల్లదమ్మా" అనేవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ కనపడ్డారు. కొన్నిటి మీద రూపాయి గుర్తు ఉంది, కొన్నిటి మీద లేదు, కాబట్టి లేనివి దొంగవి అని పుకారు పుట్టింది. నాణేల మీదకు ఆ గుర్తు వచ్చిందే 2011లో. అంతకు ముందు వేసిన వాటి మీద ఎలా ఉంటుంది? 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన చేసింది. అప్పటికి వచ్చిన పది రూపాయల నాణేలు 14 రకాలు, అన్నీ చెల్లుతాయి అని చెప్పింది. ఆ నాణెం అంచు మీద, బొమ్మ మీద తేడాలు ఎన్ని ఉన్నా, మూడు సింహాల గుర్తు, "భారత్" అనే మాట మాత్రం అన్నిటి మీదా ఉంటాయి. ఆ మాట ఒకవైపు హిందీలో, ఇంగ్లీషులో "ఇండియా" అని రాసి ఉంటుంది.